ముగ్గురి ఫొటో

నా భార్య ఫుసాయెను చంపింది ఆమె అక్క తొకియె. విషం పెట్టలేదు, తోసెయ్యలేదు. ఫొటోలో మధ్యన నిలబెట్టింది. అంతే చాలు.

ముగ్గురు కలిసి ఫొటో దిగితే మధ్యలో ఉన్నవాళ్ళు ముందు పోతారు. మా షిమొనితా ఊళ్ళ వైపు పుట్టిన ముసలివాళ్ళలో ఇది తెలియనివాళ్ళు లేరు. తప్పనిసరిగా ముగ్గురే ఉంటే మధ్యవాళ్ళ చేతికి ఒక బొమ్మనిచ్చి లెక్క నాలుగు చేస్తారు. మా అమ్మ అందుకోసమే ఒక చెక్క బొమ్మను అలమరలో ఉంచేది. తొకియె కూడా ఆ ఇళ్ళ మధ్యే పెరిగింది. అయినా కుసత్సు వేడినీళ్ళ బుగ్గల ఊరికి వెళ్ళినప్పుడు, తన స్నేహితురాలితో ఫొటో దిగుతూ, "పొట్టిదానివి, మధ్యలోకి రావే," అని చెల్లెల్ని లాగింది. ఆ చలికాలమే ఫుసాయె వంటింట్లో ముల్లంగి తరుగుతూ పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

అంత్యక్రియలకు ఫొటో కావలసి వచ్చింది. ఇల్లంతా వెతికితే ఫుసాయె ముఖం సరిగ్గా ఉన్నది ఆ ఒక్కటే. మా ఇంట్లో కెమెరా ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది, కాబట్టి ఆమె ఫొటోల్లో ఉండేది కాదు. అంత్యక్రియలు చేయించే వాళ్ళు అటూ ఇటూ ఉన్న ఇద్దరినీ కత్తిరించి, ఆమె పూల చొక్కా మీద నల్ల కిమోనో అతికించి, పెద్దది చేసి ఇచ్చారు. భుజం మీదున్న తొకియె చేతిని చెరిపేశారు. కానీ ఆ చేతి బరువుకు దిగిన భుజం దిగినట్టే ఉంది. రోజూ పొద్దున ఆమె పటం ముందు అన్నం గిన్నె పెట్టి గంట కొట్టినప్పుడల్లా నేను చూసేది ఆ భుజాన్నే.

ఫొటోల్లో ఆమె లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. ప్రతి ఫొటోలో కుడి అంచున ఆమె వేలు ఉండేది. చిన్న కెమెరాల్లో మనం కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, ఫిల్ముకు చూపించే అద్దం వేరు. అద్దానికి వేలు అడ్డం వచ్చినా తీసేవాళ్ళకు తెలియదు. కడిగించి తెచ్చాక గులాబీ రంగు మబ్బులా కనిపించేది. పెళ్ళిళ్ళలో అదే, మంచులో అదే, దుంపల పొలంలో అదే. నేను తిడితే, "నేనూ అక్కడున్నానని గుర్తుండొద్దూ?" అనేది.

ఆ కెమెరా ఇప్పుడు మా ఇంట్లో లేదు. నలభై తొమ్మిదో రోజున చనిపోయినవాళ్ళ వస్తువులు పంచుకునేటప్పుడు తొకియె తీసుకుపోయింది. కిమోనోలు వద్దంది. కెమెరా చాలంది.

ఏడాది తిరిగేసరికి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. తొకియె కూడా మధ్యలో నిలబడాలి.

అది తేలిక కాదు. చెల్లెలు పోయాక తొకియె జాగ్రత్త పడింది. ఎవరు కెమెరా తీసినా ఒక చివరకు జరిగిపోతుంది. నేను ఏదో ఒకరోజున పనిగట్టుకుని కెమెరా తీసుకెళితే ఇట్టే పసిగడుతుంది. కాబట్టి ఎక్కడికెళ్ళినా కెమెరా మోసే మనిషిగా నేను మారాలి. అందరూ అలవాటు పడాలి. ఫోను పనికిరాదు. ఫోనులో తీస్తే లాక్కుని చూసి తుడిచేస్తుంది. ఫిల్ము మీద పడినదాన్ని కడిగించేదాకా ఎవరూ చూడలేరు, చెరపలేరు.

రైలెక్కి తకసాకి వెళ్ళాను. స్టేషను వెనక సందులో ఉరాబె అనే అతనికి పాత కెమెరాల కొట్టు ఉంది. వయసులో ఉన్నవాడు, నోరు ఊరుకోదు.

"ఏం తీస్తారు తాతయ్యా? పూలా, రైళ్ళా, మనవలా?"

"మనుషుల్ని."

"ఎంతమంది పట్టాలి?"

"ముగ్గురు."

"నాలుగోవాణ్ణి కూడా కలుపుకోండి. ముగ్గురు మంచిది కాదంటుంది మా బామ్మ," అని నవ్వాడు. నేను నవ్వలేదు.

మొదట చూపించినదానికి మీట నొక్కగానే ముక్కులాంటి అద్దపు గొట్టం గుర్రుమంటూ బయటికి పొడుచుకొచ్చింది. "దీని చప్పుడుకు పిల్లి కూడా లేచిపోతుంది," అన్నాను. రెండోది లోహంతో చేసింది, సన్నగా, అందంగా ఉంది. దానికోసం టోక్యో నుంచి కుర్రకారు వస్తున్నారట. "అయితే వాళ్ళకే ఇవ్వు," అన్నాను. పై జేబులో పెట్టుకుని, కలుపు తీసేటప్పుడు వంగినట్టు వంగి చూశాను. నేలకు జారబోయింది. ఉరాబె గాలిలోనే పట్టుకున్నాడు. అతని ముఖంలో రంగు తిరిగి రావడానికి కాసేపు పట్టింది.

మూడోది నల్ల ప్లాస్టిక్‌ది. సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది. అద్దం మీది మూత పక్కకు జరిపితే సిద్ధం, మూసేస్తే నిద్ర. వంగితే జేబులోంచి కదలలేదు. అడుగు చదునుగా ఉండి, ఎక్కడ పెట్టినా నిలబడుతోంది. ఒక మీట నొక్కితే ముందు ఎర్ర దీపం మిణుకుతుంది. తీసేవాడు వెళ్ళి మిగతావాళ్ళ పక్కన నిలబడేదాకా ఆగి, తనంతట తనే తీస్తుంది.

"ఇది చాలు," అన్నాను.

"మంచిదే ఎంచారు. పొలంలో పడినా చావదు. ఒక్కటే జాగ్రత్త. అద్దం బాగా అంచుకు ఉంది, కుడి చేతి వేలు..."

"తెలుసు."

"అందరూ తెలుసనే అంటారు. కడగడానికి నా దగ్గరికే తెస్తారుగా, చూస్తాను."

"నా ఫొటోల్లో ఒక్కదాంట్లో వేలు చూపించు. నీ కొట్టు ఊడుస్తాను."

అప్పటి నుంచి ఆ కెమెరా నా జేబు దిగలేదు. కొన్యకు దుంపలు తవ్వేటప్పుడు, రైతు సంఘానికి వెళ్ళినప్పుడు, పళ్ళ డాక్టరు దగ్గర కూడా. "కురిబారా, మా ఆవిడ స్నానానికి వెళ్ళింది, అటు తిప్పకు," అని పక్కింటివాడు ఎగతాళి చేసేవాడు. "మీ ఆవిడ కోసం ఫిల్ము పాడుచెయ్యనులే," అనేవాణ్ణి. తొకియెను కూడా చాలాసార్లు తీశాను. ఒంటరిగా, గుంపులో, చివరన. మొదట్లో ముడుచుకునేది. తరవాత పట్టించుకోవడం మానేసింది.

ఫొటోలు కడిగించి తెచ్చాక మొదట కుడి అంచే చూసేవాణ్ణి. శుభ్రంగా ఉండేది. ఆకాశం చివరిదాకా ఆకాశమే, గోడ చివరిదాకా గోడే. ఇంట్లో అన్ని గదులూ తీశాను. వంటింట్లో ముల్లంగి తరిగే బల్ల దగ్గర కూడా తీశాను. బల్ల వచ్చింది. ఇంకేమీ రాలేదు.

ఫుసాయె మూడో ఏటి తంతు వచ్చింది. మంత్రాలు అయ్యాక అందరూ మెట్లు దిగి భోజనానికి వెళ్ళిపోయారు. సమాధి దగ్గర తొకియె, కుర్ర పూజారి, నేను మిగిలాం. తొకియె చేతికర్ర మీద ఆనుకుని అగరువత్తుల పొగ చూస్తోంది.

"ఆ డబ్బా జేబులో లేకుండా నిద్ర పడుతుందా మరిదీ?" అంది.

"తలగడ కింద పెట్టుకుంటాను వదినా."

"చెల్లి జబ్బు నీకు అంటుకుంది. అది బతికుండగా అంటుకుని ఉంటే బాగుండేది. దానివి నాలుగు ఫొటోలన్నా మిగిలేవి."

"పూజారిగారితో ఒకటి దిగు," అన్నాను.

ఇద్దరే కాబట్టి ఆమె ఒప్పుకుంది. పూజారి ఆమెకు కుడివైపున నిలబడ్డాడు. నేను ఎదురుగా ఉన్న రాతి దీపస్తంభం మీద కెమెరా పెట్టి, మూత జరిపి, మీట నొక్కాను. ఎర్ర దీపం మిణకడం మొదలైంది. గబగబా నడిచి వచ్చి తొకియెకు ఎడమ పక్కన నిలబడ్డాను.

"ముగ్గురమయ్యాం," అంది తొకియె, పెదవులు కదపకుండా.

"కదలకు వదినా. చెడిపోతుంది."

పూజారికి ఏమీ తెలియదు, నవ్వుతున్నాడు. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేస్తే చాలు. వెయ్యలేదు. తల తిప్పి ఒకసారి నన్ను చూసింది.

"అయితే ఇంతకాలం మోసింది ఇందుకా," అంది.

నేను ఎదురుగా చూస్తున్నాను. దీపం వేగంగా మిణకసాగింది. తొకియె కర్రను ముందుకు తెచ్చి, రెండు చేతులూ దాని మీద పెట్టి, తిన్నగా నిలబడింది. కెమెరా చప్పుడు చేసింది.

"అయిందా?"

"అయింది."

"పద. పులుసు చల్లారిపోతుంది," అంటూ మెట్లు దిగింది.

ఆ వారమే ఫిల్ము పట్టుకుని తకసాకి వెళ్ళాను. కడగడం పూర్తయ్యేదాకా కొట్టులోనే కూర్చున్నాను. ఉరాబె ఫొటోలు బల్ల మీద పరుస్తూ పెద్దగా నవ్వాడు.

"కొట్టు ఊడవాలి తాతయ్యా."

ఎడమ వైపు పూజారి ఉన్నాడు. పక్కన తొకియె, కర్ర మీద రెండు చేతులతో, సూటిగా చూస్తూ ఉంది. ఆమెకు ఇటువైపు, నేను నిలబడ్డ చోట, పై నుంచి కింది దాకా గులాబీ మబ్బు. నా ముఖం లేదు, చెయ్యి లేదు, చొక్కా అంచు కూడా లేదు. ఫొటోలో ఉన్నది ఇద్దరు. ఇద్దరిలో మధ్య ఎవరూ ఉండరు.

"ఎవరు తీశారిది? వేలు బాగా అడ్డం పెట్టేశారు," అన్నాడు ఉరాబె.

"ఎవరూ తియ్యలేదు. రాతి మీద పెట్టాను. ముగ్గురం ఎదురుగానే ఉన్నాం."

"అయితే ఏ ఆకో గాలికి..." అని ఫొటోను దీపం కిందికి తీసుకెళ్ళి చూశాడు. ఆకు మాట పూర్తి చెయ్యలేదు. ఫొటోను బోర్లా పెట్టాడు. "పందెం సంగతి వదిలెయ్యండి తాతయ్యా. ఊరికే అన్నాను."

"చీపురు ఎక్కడుంది?" అన్నాను.

వాకిలి దాకా ఊడ్చాను.

తొకియె ఇప్పటికీ బతికే ఉంది. మెట్లు కూడా ఎక్కుతోంది. ఆ మరుసటి నెల ఫోను చేసి, "ఫొటో వచ్చిందా మరిదీ?" అని అడిగింది. ఫిల్ము పాడైందన్నాను. "అయితే మళ్ళీ తియ్యి. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాను," అంది. ఫోను పెట్టేశాను.

కెమెరాను జేబులోంచి తీసి అన్నం గిన్నె పక్కన పెట్టాను. పటంలో ఆ భుజం దిగే ఉంది. తొకియెను నేను క్షమించలేదు. నన్ను చెరిపేసి అక్కను కాపాడుకున్నదాన్ని కూడా క్షమించను. రోజూ అన్నం మాత్రం పెడుతున్నాను.

ఫిల్ము పాడైందంటే నమ్మక, ఆ ఫొటో ఎక్కడుందని తొకియె ఇంకా అడుగుతూనే ఉంది. అడగనీ. దాని గురించి నేను ఇక ఆమెతోగాని, మరెవరితోగాని మాట్లాడను.