కెమెరాకి నల్ల అస్తరు

పాత సామాన్ల వ్యాపారి ఏ వస్తువునైనా చేతిలోకి తీసుకోగానే అది ఎవరికి అంటగట్టవచ్చో చూసుకుంటాడు. ఆ కెమెరా మాత్రం ఆ లెక్కకి వెంటనే లొంగలేదు. చెక్కపెట్టె, ఇత్తడి అంచులు, ముందు ఒంటికన్ను. మీట నొక్కితే ఆ కన్ను స్ప్రింగు బలంతో ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగి, గది గదంతా ఒకే పొడుగు ఫొటోలో పట్టేస్తుందట. తీరా చూస్తే స్ప్రింగు తెగి ఉంది. దానికి సరిపడే వెడల్పు ఫిల్ము తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అద్దాల బీరువాలో అలంకారానికి పెట్టుకునే హోటలాయన ఒకడు తగిలేసరికి అతని ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరంలో కెమెరా గొప్పలు ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది.

"గదంతా పడుతుందా? అయితే మా కుట్టు హాలు తియ్యండి" అంది భార్య.

ఆమె యూనిఫారాలు కుట్టే చోట పనిచేస్తుంది. సన్నటి పొడుగు హాలు, అందులో గోడవారగా ఒకటే పొడుగు బల్ల, దాని వెనక వరసగా ఆడవాళ్లు. యజమాని ఆ హాలు ఎత్తేస్తున్నాడు. శనివారం సాయంత్రం బల్లని ముక్కలు చేస్తారు, మనుషుల్ని తలో చోటికీ పంపేస్తారు. ఫొటోగ్రాఫరు వచ్చి చూసి, అందరూ పట్టాలంటే ఎదురుగోడ పగలగొట్టాలన్నాడు. సగం సగంగా తీస్తానన్నాడు.

"సగంలో ఎవరు, మిగతా సగంలో ఎవరు? పోట్లాట తప్పితే ఫొటో మిగల్దు. నాకు అందరం ఒక్కదాంట్లో కావాలి. మీ వల్ల అవుతుందా, అవ్వదా?" అని భర్తని నిలదీసింది.

షాపుకొచ్చిన ఎవరికీ లేదని చెప్పి ఎరగడు. ఇంట్లో మాత్రం ఎలా చెబుతాడు?

"ఓస్, అంతేగా!" అన్నాడు.

మర్నాడు పెట్టెని చంకన పెట్టుకుని గడియారాలు బాగుచేసే బావమరిది దగ్గరికి పరిగెత్తాడు.

"ముందు నీ నోటికున్న స్ప్రింగు తెగితే బాగుండేది బావా" అన్నాడు అతను, మూత ఊడదీస్తూ.

"మీ అక్క అడిగింది రా."

"అయితే చచ్చావు. ఇలా పట్టుకో."

అతను ఓ గోడగడియారం స్ప్రింగు కత్తిరించి లోపల బిగించాడు. ఇప్పటి సన్నఫిల్ము చుట్ట ఆ పెద్ద గూట్లో జారిపోకుండా ఇత్తడి ఉంగరాలు అరగదీసి రెండు కొసలా తొడిగాడు. పాత ఫిల్ము అంకెలు చూసుకోవడానికి వెనక ఉన్న ఎర్ర అద్దాన్ని నల్లటేపుతో మూసేశాడు. కన్ను బుర్రుమంటూ తిరిగింది.

వ్యాపారికి ముచ్చటేసింది. తనవంతుగా పెట్టెని ఇంటికి తెచ్చి, లోపలా బయటా గీకి, పాలిష్ పెట్టి తోమి పారేశాడు.

శుక్రవారం షాపు వాకిట్లో పరీక్షగా తీసిన ఫొటో కడిగించి చూస్తే, అంతా పొగమంచు! కొట్లు లేవు, మనుషులు లేరు. బావమరిది ఇంటికొచ్చి పెట్టె తెరిచాడు.

"లోపలుండాల్సిన నలుపేది బావా?"

"మసి పట్టి ఉంటే గీకేశాను. ఎలా మెరుస్తోందో చూడు!"

"అయ్యో, అది మసి కాదు! ఆ నలుపే వెలుతుర్ని మింగేది. ఇప్పుడు వెలుతురు నీ పాలిష్‌కి కొట్టుకుని తిరిగొచ్చి ఫిల్ము మీద పడుతోంది."

"సరుకు మెరవకపోతే ఎవడు కొంటాడు రా?"

"మెరిసేదాంతో ఫొటో ఎవరు తీస్తారు?"

నల్లరంగు వేస్తే రేపటికి ఆరదని ఇద్దరూ తలలు పట్టుకున్నారు. ఇంతలో భార్య టేపు తెచ్చి కెమెరా లోపలి కొలతలు తీసుకోవడం మొదలుపెట్టింది. కోటు కాలర్లకి వాడగా మిగిలిన నల్ల మఖ్మల్ ముక్కలు ముందేసుకుంది.

"అస్తరు వేస్తే సరి. జిగురుతో అంటిస్తాను."

"జిగురు పెడితే పాత సరుకు విలువ పోతుంది, ఇక హోటలాయన ముట్టుకోడే!"

ఆమె కత్తెర ఆపింది. "మీ సరుకు. మీ ఇష్టం."

అతను పెట్టెకేసి చూశాడు. కుదిరిన బేరం. వదులుకుంటే అలాంటి ఆసామి మళ్లీ తగలడు. కాని ఆ బల్ల రేపటి తర్వాత ఏ బజారులోనూ దొరికేది కాదు.

"అంటించు" అన్నాడు. "మూలలు జాగ్రత్త."

శనివారం మధ్యాహ్నం హాల్లో అందరూ తమ తమ చోట్లలోనే కూర్చున్నారు. గుమ్మం దగ్గర రంపంతో వడ్రంగి కాచుకుని ఉన్నాడు. "కన్ను తిరిగేదాకా ఎవరూ కదలకండి" అని వ్యాపారి మీట నొక్కాడు. కన్ను బుర్రుమంటూ ఒక కొస నుంచి రెండో కొసకి పోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అయిపోయింది.

ఫొటో చేతికొచ్చాక అతను కొసనుంచి కొసదాకా వేలుపెట్టి లెక్కపెట్టాడు. ఒక్కరూ తప్పిపోలేదు. కాని బల్ల విల్లులా వంగిపోయి ఉంది! కన్ను గుండ్రంగా తిరిగితే అంతేనట, బావమరిది చెప్పాడు. ఇంటికెళ్లే దారిపొడుగునా ఏం చెప్పి సర్దిపుచ్చాలా అని మాటలు కూడబలుక్కున్నాడు. భార్యకి ఇవ్వగానే మొదలుపెట్టాడు.

"ఇదిగో, బల్ల కాస్త..."

ఆమె వినడంలేదు. ఒక్కొక్క మొహం మీదా చూపు ఆపుతూ పోయింది. బల్ల దగ్గరికొచ్చి పకపకా నవ్వింది.

"వంగితే వంగనీండి. ఇన్నేళ్లూ దాని మీద మేం వంగి కుట్టాం, ఒక్కరోజు అదీ వంగింది. పైగా వరసగా కూర్చున్నన్నాళ్లూ నాకు పక్కదాని చెవే కనిపించేది. ఇందులో అందరి మొహాలూ ఉన్నాయి."

సరుకులో లోపాన్ని గుణంగా మార్చి చెప్పడం అతనికి కొట్టిన పిండి. ఈసారి తీసుకునేవాళ్లే ముందుగా ఆ మాట అనేశారు. మేకు, సుత్తి వెతకడానికి లోపలికి వెళ్లాడు.