కండలోని చిట్టెలుక

నస్పూర్‌ల బక్కయ్య ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల పని చేసిండు. నౌకరి దిగిపోయిన రెండేండ్లకే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటిసంది గోడ దిక్కు తిరిగి పండుకునుడే ఆయన పని.

వారానికి మూడుసార్లు ఏంజెల్ అనే ఫిజియోథెరపీ పిల్ల ఇంటికొచ్చి చెయ్యి ఆడిస్తుండె. "తాతా, గీ మజిల్‌ను జర బిగపట్టు" అంటే బక్కయ్యకు ఒళ్లు మండేది.

"మజిల్ లేదు, గిజిల్ లేదు. చచ్చిన చెయ్యి, ఇడిసెయ్యి."

ఒకనాడు ఏంజెల్ నూనె సీస మూతపెట్టి, ఆయన మంచం పక్కన కింద కూసున్నది. "మజిల్ అనే మాట ఏడికెంచి వచ్చిందో ఎరుకేనా తాతా? లాటిన్ అని పాత భాష. అండ్ల దాని అర్థం చిట్టెలుక. చెయ్యి ముడిస్తే తోలు కింద ఎలుక ఉరికినట్టే కనబడ్డదట వాళ్లకు."

బక్కయ్య ఇటు తిరిగిండు.

"బాయిల మేం ఎలుకల్ని కొట్టకపోతుంటిమి బిడ్డా. సద్దిల ఇన్ని మెతుకులు వేస్తుంటిమి. పైకప్పు కదిలితే మాకంటె ముందు వాటికే ఎరుక. ఒకపారి అవి ఉరికినయ్. నేను, మా దోస్తు రామచంద్రం వాటెంట ఉరికినం. ఎనక అంత కూలింది."

"మరి గా తాత ఏడున్నడు?"

"మంచిర్యాలల. నన్ను చూడనీకి రెండుసార్లు వచ్చిండు. పండుకున్నడని చెప్పమన్న. గిట్ల చూస్తడని సిగ్గయింది."

ఆ రోజు ఆయన కసురుకోలే. ఏంజెల్ జబ్బ మీద వేలు పెట్టి "పిలువు తాతా, గా చిట్టెలుకను" అన్నది. పండ్లు కరిచిపట్టి, చెమటలు కారంగ పిలిచిండు. కదల్లే. మల్ల వచ్చిననాడూ కదల్లే. మూడో వారంల ఆమె వేలి కింద ఏదో సన్నగ అదిరింది.

"అవ్వా, జల్ది రా!" అని ఏంజెల్ కేకేసింది. ఆయన పెండ్లాం లచ్చవ్వ పిండి చేతులతోనే ఉరికొచ్చి, అక్కడ్నే చెయ్యి పెట్టి చూసింది.

చెయ్యి పూర్తిగ వస్తదో రాదో చెప్పలేనని ఏంజెల్ దాచకుండ చెప్పింది. బక్కయ్య తలూపిండు. మర్నాడు రామచంద్రానికి తనే ఫోన్ చేయించిండు. ఆయన వచ్చినంక ఇద్దరూ పొద్దుగూకేదాక వాకిట్ల కూసున్నరు. లచ్చవ్వ చాయ్ రెండుసార్లు కాచింది.