ఉప్పు చూసే పని

కూరలో ఉప్పు చూడటం నా పని. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తయ్య గరిటెతో కాస్త కూర నా అరచేతిలో వేసి, "చూడమ్మా, సరిపోయిందా?" అన్నారు. ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో ఏ కూరా నా నాలుక దాటకుండా బల్ల మీదికి వెళ్లలేదు. గుండె నీరసించి, ఒంట్లో నీరు చేరి, ఆసుపత్రిలో పడి లేచి వచ్చాక కూడా ఆ ఉద్యోగం ఊడలేదు. "ఇక ఉప్పే మీకు శత్రువు" అని డాక్టరు మా ఆయన ఎదురుగానే చెప్పారు. ఆయన బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చి, నేను పొయ్యి ముందుకి చేరగానే అడిగారు: "ఏమోయ్, ఉప్పు చూశావా?"

ఇలా కోలుకునేవాళ్లకి కొన్నాళ్లపాటు ఆసుపత్రివాళ్లే వండి పంపిస్తారు. మధ్యాహ్నం తలుపు దగ్గరికి నా పేరు రాసిన డబ్బా వస్తుంది. ఉప్పు దాదాపు లేని మెత్తటి కూర, ఉడికించిన కూరగాయలు, కాస్త అన్నం, ఓ పండు. మొదటిసారి మూత తీయగానే నాకు ఏడుపొచ్చింది. నేను వండనిది, నాకోసమే ఎవరో వండింది తిని ఎన్నేళ్లయిందో గుర్తు లేదు.

"అబ్బో, మహారాణిగారి భోజనం!" అన్నారు ఆయన. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. "నాకూ బీపీ ఉందిగా, ఆ కూరగాయలు ఇటు వెయ్యి." వేశాను. "పండు పిల్లకియ్యమ్మా, పాపం చదువుకుంటోంది," అన్నారు అత్తయ్య. మా అమ్మాయికి ఇచ్చాను. "నాకు నమలడానికి పళ్లా లేవాయె, ఆ మెత్తటి కూర కాస్త..." అన్నారు మళ్లీ ఆవిడే. అదీ పోయింది. ఎవరూ లాక్కోలేదు. లాక్కుని ఉంటే పోట్లాడేదాన్నేమో. ప్రేమగా కంచాలు చాపారు, అంతే. మిగిలిన అన్నంలో నేను ఇంటికోసం వండిన కూరే కలుపుకున్నాను. గిన్నె అడుగున మిగిలేది ఎప్పుడూ నాదే. పారెయ్యడానికి మనసొప్పదు, ఖాళీ చేస్తే తప్ప తోమడానికి చెయ్యి రాదు. మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే అలవాటయింది.

రోజూ పొద్దున్నే బరువు చూసుకుని ఆసుపత్రికి చెప్పమన్నారు. ఉన్నట్టుండి పెరిగితే అది కొవ్వు కాదు, నీరట. అంకె పెరిగింది. చేతి గడియారం తీసేసి మళ్లీ ఎక్కాను. జడ పిన్నులు తీసేసి ఎక్కాను. ఊపిరి బిగబట్టి కూడా ఎక్కాను, నా పిచ్చి గానీ! మేజోడు విప్పితే కాలి చుట్టూ గాడి. పడుకుంటే ఊపిరందక తల కింద దిండు మీద దిండు చేరుతోంది. మెట్ల మధ్యలో ఆయాసం వస్తే, ఎవరైనా చూస్తారేమోనని సంచిలో తాళంచెవి వెతుక్కుంటున్నట్టు నటించడం నేర్చుకున్నాను. చచ్చిపోతానేమోనని భయం. అంతకు మించి సిగ్గు. ఇంత మంచి తిండి పంపిస్తున్నా నా ఒళ్లే కలిసిరావడం లేదే అని.

నిన్న ఆసుపత్రి నుంచి, మా భోజనాల సంగతి చూసే అమ్మాయి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టారు.

"బరువెందుకండీ ఇలా పెరుగుతోంది? డబ్బా మొత్తం తింటున్నారా?"

"తింటోందమ్మా. నేనే దగ్గరుండి తినిపిస్తున్నా," అన్నారు ఆయన. అబద్ధం కాదు. ఆయన నిజంగా అలాగే నమ్ముతున్నారు. డబ్బా రావడం చూశారు, ఖాళీ అవడం చూశారు.

"ఆవిడనే చెప్పనివ్వండి సార్. అమ్మా, ఆ తిండి తింటూ కూడా ఇలా ఉందంటే మందు పెంచాలి. మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. నిజం చెప్పండి, ఆ డబ్బా ఎవరు తింటున్నారు?"

ఆయన నావైపు చూసి నవ్వుతున్నారు, నేనేం చెప్తానో తెలిసిన ధీమాతో.

"అందరం," అన్నాను.

"మరి మీరేం తింటున్నారు?"

"మిగిలింది."

ఫోన్ పెట్టేశాక ఆయన మొహం మాడ్చుకున్నారు. "పరాయివాళ్ల ముందు ఇంటి పరువు తీయాలా? నాతో ఒక్క మాట అంటే ఇచ్చెయ్యనూ?"

ఇచ్చేస్తారట. నా డబ్బా నాకు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆయాసమూ వచ్చింది.

ఇవాళ డబ్బా వచ్చేసరికి పొయ్యి మీద ఇంటి కూర ఉడుకుతోంది.

"అమ్మాయ్, ఉప్పు చూశావా?" అన్నారు అత్తయ్య.

"లేదత్తయ్యా. ఇక నుంచి మీరే చూడండి."

డబ్బా తీసుకెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను. ఈ ఇంట్లో అందరికన్నా ముందు నేను కూర్చోవడం ఇదే మొదలు. మూత తీశాను. ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. నిన్నటి మాట మర్చిపోయారో, చేతికి అలవాటైపోయిందో, కంచం నావైపు చాపారు.

మొదటి ముద్ద చప్పగా ఉంది. కంచం ఇంకా గాల్లోనే ఉంది.

నేను రెండో ముద్ద కలుపుకున్నాను.