మైకులో చెప్పిన ముసలాయన

నా పేరు ప్రశాంతి. పెట్టినవాళ్ళకి ఓ దండం. నేను నోరు విప్పితే మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో సగం ఇళ్ళు లేచి కూర్చుంటాయి. ఆ నోటితోనే ఖరగ్‌పూర్‌లో పక్క క్వార్టర్ బెంగాలీవాళ్ళ దగ్గర ఇన్నేళ్ళూ గొప్పలు పోయాను, వైజాగ్ మాదేనని. తాతలనాడు వలస వచ్చినవాళ్ళం. నిజానికి నేను ఆ ఊరి మొహం కూడా చూడలేదు.

మా నాన్న అప్పలకొండ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఫిట్టరు. అమ్మ పోయాక మతిమరుపు పట్టుకుంది. పొద్దున్న సైరన్ మోగితే చాలు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని డ్యూటీకి బయల్దేరేవాడు. గేటు దగ్గర పట్టుకుని వెనక్కి తెచ్చుకునేదాన్ని. ఇంకో అలవాటుంది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ. ఖాకీ బట్టలు కనిపిస్తే మరీను. మా అందరిదీ అదే తీరు కాబట్టి నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

"అన్నీ మర్సిపోకముందు ఓపాలి మనూరు సూపించవే," అన్నాడు. కాదనలేకపోయాను. డిసెంబరులో నేనూ, మా ఆయన ఫణీంద్రా, నాన్నా రైలెక్కాం.

వైజాగ్‌లో ఎవరికీ తొందర లేదు. సాయంత్రమయ్యేసరికి ఊరంతా బీచ్ గోడ మీద కూర్చుని సముద్రాన్ని చూస్తూ బజ్జీలు తింటోంది. నాన్న ఇసకలో చతికిలపడి ముంత మసాలా తిన్నాడు.

"మన ఖరగ్‌పూర్ ఝాల్‌మూడీలా నేదేటే," అన్నాడు. ఎన్నాళ్ళకో అతని మొహంలో హాయి చూశాను.

ఫణీంద్ర సెల్ఫీ అన్నాడు. నాలుగు ఫొటోలు నాకు నచ్చలేదు. అయిదోది తీసుకుని వెనక్కి తిరిగితే నాన్న లేడు.

ఇద్దరం చెరో దిక్కుకి పరిగెత్తాం. కనపడినవాళ్ళందరినీ అడిగాను. "తెలుగాయన, తెల్ల చొక్కా, డెబ్బై రెండేళ్ళు." ఎవరూ చూడలేదు. ఫణీంద్ర వట్టి చేతులతో తిరిగొచ్చాడు. అప్పుడే మైకులో పోలీసులు చెప్పారు, తప్పిపోయిన బెంగాలీ వృద్ధుడొకాయన మా దగ్గరున్నాడు, సంబంధించినవాళ్ళు రండి అని. ఆ రోజుల్లో బీచ్‌లో సగం జనం బెంగాలీ టూరిస్టులే.

"ముసిలోళ్ళని తెచ్చి గాలికొగ్గేస్తారు. ఏటి మనుషులో!" అన్నాను ఒళ్ళు మండి.

మళ్ళీ చెప్పారు. ఫణీంద్ర ఆగి వింటున్నాడు. "మనకెందుకు, పద," అని చెయ్యి పట్టుకుని రెండో వైపు లాక్కుపోయాను.

పోలీసుల్నే అడుగుదామని గంట తర్వాత ఫణీంద్రకే తట్టింది. వాళ్ళ టెంటులో ఖాళీ కుర్చీ ఉంది. దాని కింద నాన్న చెప్పులున్నాయి.

"ఇందాకటిదాకా ఈడే కూకున్నాడమ్మా," అన్నాడు కానిస్టేబుల్. "ఓడ కూతేసింది. మేం ఇటు తిరిగేసరికి లేసి పోనాడు."

నాన్న డ్యూటీకి బయల్దేరాడు. పట్టుకోవడానికి గేటు దగ్గర నేను లేను.

మర్నాడు పొద్దున్న వల లాగేవాళ్ళకి దొరికాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టే ఉన్నాయి.

కాగితాల మీద సంతకం చేస్తుంటే ఆ కానిస్టేబులే నా పేరూ ఇంటిపేరూ చదివి తలెత్తాడు.

"తెలుగోళ్ళా మీరు? మరి మాతో బెంగాలీయే మాటాడినాడు. భయపడనేదమ్మా. ఒకటే మాట, పదిసార్లు అనుంటాడు. మేయే ఆష్‌బే, మేయే ఆష్‌బే అని. దానర్థం ఏటి?"

ఫణీంద్ర తల దించుకున్నాడు. కానిస్టేబుల్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చివరికి నేనే చెప్పాను.

"మా అమ్మాయి వస్తాది, అని."