పటంలో పూడిన వాగు

పటాల ఆఫీసులో ఇద్దరు తోడికోడళ్ళు పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవారు. చిన్నామెకు ఆ ఉద్యోగం ఇప్పించింది పెద్దామే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఇప్పుడు రోజూ అనుకుంటోంది. ఇంట్లో అత్తగారు చిన్నకోడలి భజన చేస్తే చెవులు మూసుకోవచ్చు. ఆఫీసులో సారు కూడా అదే పాట అందుకుంటే ఎక్కడికి పోవాలి?

వారం కిందట వరద ముంపు పటాన్ని ఇద్దరినీ విడివిడిగా చెయ్యమన్నాడు సారు. గడువు ఈ సాయంత్రమే, ఏది బాగుంటే అది ఆనకట్ట ఇంజనీర్లకు వెళ్తుంది. దాన్ని చూసి వాళ్ళు ఏ ఇళ్ళు ఖాళీ చేయించాలో తేలుస్తారు. ఆ పటం ఎవరిదైతే వాళ్ళే ఇక విభాగానికి పెద్ద.

నది పొడవునా నేలను చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడికి దాని ఎత్తు అంకె వేసిన ఫైలు అది. మహా బరువు. చిన్నామె పటం మాత్రం ఇట్టే తెరుచుకుంటోంది. పెద్దామెది సగం గీసి, ఆగిపోయి, మెమరీ చాలదంటోంది. ఆమె మిగతా ప్రోగ్రాములన్నీ మూసింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. టెక్నీషియన్ మీద విరుచుకుపడి ర్యామ్ రెట్టింపు చేయించుకుంది. అయినా అదే పాట. అప్పుడే చిన్నామె కిసుక్కున నవ్వింది. ఫోన్లో ఏం చూసి నవ్విందో ఏమో. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని పెద్దలు ఊరికే అనలేదు. పెద్దామె కడుపు భగ్గుమంది.

"అక్కా, నేను చూడనా?"

"అక్కర్లేదు."

"టైమైపోతోందక్కా. కొంచెం జరుగు."

చిన్నామె కూర్చుని, పటంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన లేయర్లు తెరిచింది. "ఇదేంటి? నీ పటం కింద నా పటం ఉందేంటి?"

మొన్న అందరూ వాడే ఫోల్డరు లోంచి చిన్నామె ఫైలు తెచ్చుకున్నది పెద్దామే. రెండు పటాలనూ గడికి గడి పోల్చి, తేడా ఉన్నచోట ఎర్రగా చూపించమని సాఫ్ట్‌వేర్‌కు పురమాయించింది, ఆపై దాన్ని తీసెయ్యడం మరిచింది. స్క్రీన్ కదిలిన ప్రతిసారీ అది రెండు ఫైళ్ళనూ మొత్తం ఎక్కించుకుని లెక్క మళ్ళీ మొదలుపెడుతోంది. ఎంత మెమరీ పోసినా ఏం చాలుతుంది?

"నా తప్పులు వెతుకుతున్నావా?"

"అవును," అంది పెద్దామె.

"అయితే నీ మెమరీ అంతా నేనే తినేశానన్నమాట." చిన్నామె పొడిగా నవ్వి, ఆ లేయరు తీసేసింది. పెద్దామె పటం అంచు నుంచి అంచుదాకా ఒక్కసారిగా తెరుచుకుంది. "ఇక ఎవరిది బాగుందో సారే చూస్తారు. నాది పంపేస్తున్నా," అని లేచింది.

పెద్దామెకు కావలసిందీ అదే. నోరు మూసుకుంటే చాలు. చిన్నామె పటంలో తాను పట్టిన తప్పును సారు ముందు, అందరి ముందు బయటపెట్టాలని మొన్నటి నుంచి దాచుకుంది. కానీ ఎదురుగా తన పటంలో వాగూ, వాగు ఒడ్డున ఇళ్ళ కప్పులూ కనబడుతున్నాయి. వాటిని తెరిచి పెట్టింది ఆ పిల్లే.

"ఆగు. నీ పటంలో వాగు లేదు."

"ఏ వాగు?"

"ఫైలు తేలికవ్వాలని నాలుగేసి గడులు కలిపి సగటు కట్టావుగా. ఇరుకు వాగు, గట్లతో కలిసిపోయి పైకి లేచింది. నీ పటంలో అది పూడిపోయింది. ఆ ఒడ్డు ఇళ్ళకు నీళ్ళు రావంటోంది."

చిన్నామె పరుగున తన బల్ల దగ్గరికి వెళ్ళి చూసుకుంది. మొహం పాలిపోయింది.

"ఎప్పుడు చూశావక్కా?"

"మొన్న."

"మొన్న మధ్యాహ్నం నా బాక్సులోదే కదా నువ్వు తిన్నది?"

చిన్నామె సారు గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

"సార్, నా పటం పంపకండి. తప్పు చేశాను. అక్క పట్టుకుంది. అక్కదే పంపండి."

ఎప్పుడు పట్టుకుందో చెప్పలేదు. ఆ సాయంత్రం పెద్దామె పటమే ఇంజనీర్లకు వెళ్ళింది. విభాగానికి పెద్ద నువ్వేనని సారు అందరి ముందు అన్నాడు. పెద్దామె మాత్రం పక్క బల్ల వైపే చూస్తోంది. తప్పు చేశానని అంత తేలిగ్గా అనేసిన ఆ నోటిని చూస్తే ఆమెకు మళ్ళీ కడుపు మండింది, ఆ నవ్వు విన్నప్పటికంటే ఎక్కువగా.