ఏడో అంతస్తుకెక్కిన కుక్కరు

నేను ఒక మూడు లీటర్ల కుక్కరును. ఎంత ఆవిరి పట్టినా పగలనని తేలాకే నన్ను ఫ్యాక్టరీ గేటు దాటించారు. మనుషులకు అలాంటి పరీక్ష ఉన్నట్టు లేదు.

నరసరావుపేటలో నన్ను కొన్నది కోటేశ్వరి. కొత్త కాపురానికి సామానంతా తనే కొనుక్కుంది. వేరే కులం వాణ్ణి చేసుకుందని పుట్టింటివాళ్లెవరూ రాలేదు. "దాని చేతి మెతుకు ముట్టను" అని ఆమె అన్నయ్య మల్లేశ్వరరావు పదిమందిలో ఒట్టేసుకున్నాడు. ఇరవై ఏళ్లు నిలబెట్టుకున్నాడు కూడా.

తర్వాత అతని చెవులు వాచాయి. కీళ్లు బిగిశాయి, జ్వరం వదల్లేదు. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఒంటి మీద తిరగబడ్డాయి. రక్తం పుట్టే మూలుగే చెడిందని హైదరాబాదు డాక్టర్లు తేల్చారు. మందులతో దాన్ని తుడిచిపెట్టి, ఇంకొకరి మూలకణాలు ఎక్కించాలి. సరిపడినవి కోటేశ్వరివే. అడిగింది డాక్టర్లు, అన్న నోరు విప్పలేదు.

ఆమె నన్ను సంచిలో వేసుకుని బస్సెక్కింది. కణాలిచ్చింది. అతను తీసుకున్నాడు. అన్నం మాత్రం వద్దన్నాడు. ఆ లెక్కేమిటో నాకిప్పటికీ అంతుబట్టదు.

ఆ వార్డులో రోగికి క్రిములు సోకకుండా ఇంటివాళ్లే కుక్కరులో వండి, మూత తీయకుండా తేవాలి. అతని భార్య అంజని తన కుక్కరులో వండి తెచ్చేది. కొత్త కణాలు పాతుకున్నాయని చెప్పిన రోజే ఆమెకు జలుబు చేసింది. గది దరిదాపులకు రానివ్వలేదు. చెల్లి వండింది ముట్టనని మల్లేశ్వరరావు పస్తుకు దిగాడు. ఇలాగైతే మనిషి దక్కడన్నాడు డాక్టరు.

రెండు రోజులు చూసి, నన్ను స్పిరిట్‌తో తుడిచి ఏడో అంతస్తులోని ఆ వార్డుకు తీసుకెళ్లారు. మాస్కు, గౌను వేసుకున్న కోటేశ్వరి అతని ముందే నా మూత తీసింది. పెసరపప్పు వేసిన మెత్తటి అన్నం. అతను గోడవైపు తిరిగాడు.

"ఒట్టేసుకున్నా. తెలుసుగా."

"తెలుసు. ఆ ఒట్టేసిన రక్తం ఎక్కడుంది అన్నయ్యా?"

అడుగుతూనే ఆమె చెంచాతో మెతుకులు మెదిపింది.

"దాన్ని తుడిచేశారుగా. ఇప్పుడు నీ ఒంట్లో ఉంది నాది. దానికి నా వంట అలవాటే. తిను."

నా ఆవిరి అతని దాకా పాకింది. తర్వాత అతను ఇటు తిరిగి నోరు తెరిచాడు. నోటినిండా పుళ్లు. చెంచాడు మింగేసరికి కళ్లు చెమర్చాయి.

"ఉప్పు లేదే."

"నోరు మండుద్దని వెయ్యలా."

"రేపు కాస్త వెయ్యి."

ఇరవై ఏళ్లలో ఆ అన్న ఆ చెల్లిని నోరు తెరిచి అడిగింది, చిటికెడు ఉప్పు.