ఆరి ఉన్న బల్బుకు సున్నా

రాయపూర్ రైల్వే క్వార్టర్ల తెలుగు బడిలో గురునాథం మాస్టారు నల్లబల్ల మీద సెల్లు గీసి, బల్బు గీసి, రెంటినీ తీగలతో కలిపితే చాలు, ఆ బల్బు వెలిగేది. అలాంటిలాంటి వెలుగు కాదు బాబూ! శంకర్ నగర్ కోళ్ళు తెల్లారిందనుకుని కూసేవి. బొంబాయి మెయిలు డ్రైవరు కళ్ళు నులుముకుని బండి ఆపేసేవాడు. పిల్లలు కాగితం మీద గీసినా అంతే.

"వెళ్ళిన కరెంటు తిరిగొచ్చే దారి ఉండాల్రా. ఎక్కడ తెగినా చీకటే," అనేవారు మాస్టారు.

అందుకే పేపర్లు దిద్దడం ఆయనకు చిటికెలో పని. కిటికీ మూసి కట్ట విప్పడం, వెలిగినవాటికి మార్కులు, వెలగనివాటికి సున్నా.

డెబ్భై నాలుగులో ఏడో తరగతి పేపర్లలో ఒక్కటే వెలగలేదు. అది పైడమ్మది. పిల్ల తప్పింది.

ఫలితాలు చెప్పేశాక, కట్ట సర్దుతూ ఆయన తను ఇచ్చిన ప్రశ్నే చదివారు: "స్విచ్ ఆపి ఉన్నప్పటి వలయం గీయండి." వెలిగించినవాళ్ళందరిదీ తప్పు. ఆరి ఉన్నదొక్కటే ఒప్పు. ఆయన గుండెలో రేగిన మంటకు ఉక్కు కరిగేది!

పేపరు పట్టుకుని పైడమ్మ ఇంటికి పరిగెత్తారు. పట్టపగలే చీకటిగా ఉండే ఒంటిగది అది.

"ఏటి మాస్టారూ, ఇలాగొచ్చారు?" అంది తల్లి బంగారమ్మ. "గుంట పరీక్ష తప్పిపోనాది కదా, రేపట్నించి భన్‌పురిలో గోనెసంచులు కుట్టే పనికి పంపేస్తన్నాను. సేఠ్‌తో బాత్ అయిపోనాది, మాటిచ్చీసాను."

"తప్పింది పిల్ల కాదమ్మా, నేను."

"మీరు తప్పడమేటి! దేవుడు మీరు."

ఆయన తలెత్తలేక పైడమ్మ వైపు తిరిగారు. "నువ్వెందుకు అడగలేదే?"

"మీరు సున్నా యేసారు కదా మాస్టారూ. నాదే తప్పనుకున్నాను."

ఆయన పేపరూ, పెన్సిలూ ఆమెకిచ్చారు. పైడమ్మ స్విచ్ దగ్గర ఖాళీని ఒక్క గీతతో కలిపింది. గది భగ్గుమంది. ఎంత వెలుగంటే, గోడ వెనక పక్కింటివాళ్ళ ఎముకలు కూడా కనిపించాయి!

"ఓలమ్మో! ఇంత ఎలుగెట్టుకుని సున్నా ఏటి?" అని బంగారమ్మ కొంగుతో కళ్ళు కప్పుకుంది.

పైడమ్మ రబ్బరుతో ఆ గీత చెరిపేసింది. మళ్ళీ చీకటి.

"మీరడిగింది ఇదే కదా మాస్టారూ?"

"ఇదేనమ్మా. చదవకుండా దిద్దానని పెద్ద మాస్టారికి నేనే చెబుతాను."

"అయితే రేపు గుంటని బడికే పంపమంటారా?" అంది బంగారమ్మ.

ఆయన తల ఊపారు. చీకట్లో అది ఆమెకు కనిపించలేదు.

ఆయన పక్కనే ఉన్న పైడమ్మ, అమ్మకూ కనబడాలని మళ్ళీ ఆ గీత గీసింది.